శిక్షణకూ శిక్షకూ మధ్య: కుక్క, పిల్లి ఎలా నేర్చుకుంటాయి

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి తలుపు తీసేసరికి హాలు నిండా చెప్పుముక్కలు పరచుకుని ఉంటాయి. కుక్క ఎప్పటిలా ఎగిరి మీద పడదు. చెవులు వెనక్కి వాల్చి, తోక కాళ్ల మధ్యకు ముడిచి, మొహం పక్కకు తిప్పుకుని గోడవారగా జరుగుతుంది. ‘చేసిన తప్పు దానికి తెలుసండీ, మొహం చూస్తే తెలియడం లేదూ’ అంటారు ఇంటివాళ్లు. కుక్కలను పెంచే ఇళ్లలో నేను ఎక్కువసార్లు విన్న మాట ఇదే. తరువాత జరిగేదంతా ఈ నమ్మకం మీదే నడుస్తుంది: తెలిసే చేసింది కనుక తిట్టవచ్చు, తిట్టినా మారకపోతే కొట్టవచ్చు, కొట్టినా మారకపోతే అది మొండి ఘటం.

న్యూయార్క్‌లోని బర్నార్డ్ కళాశాలలో కుక్కల ప్రవర్తనపై పనిచేసే అలెగ్జాండ్రా హొరోవిట్జ్ ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టి, 2009లో ఫలితాలను ప్రచురించారు. 14 పెంపుడు కుక్కలతో చేసిన ఆ ప్రయోగంలో యజమాని ఒక తినుబండారాన్ని చూపించి, ముట్టవద్దని చెప్పి గదిలోంచి వెళ్లిపోతారు. ఆయన లేనప్పుడు ప్రయోగం చేసేవారు కొన్నిసార్లు ఆ ముక్కను కుక్కకే పెట్టేస్తారు, కొన్నిసార్లు తీసి దాచేస్తారు. తిరిగి వచ్చిన యజమానికి ఒకసారి నిజమూ మరోసారి అబద్ధమూ చెబుతారు. తిన్న కుక్కకూ తినని కుక్కకూ ఆ ‘తప్పు చేసిన మొహం’లో తేడా కనిపించలేదు. యజమాని కోప్పడినప్పుడే ఆ మొహం ఎక్కువగా కనిపించింది. పైగా ఏ తప్పూ చేయకుండా తిట్లు తిన్న కుక్కల్లో అది మరింత స్పష్టంగా కనిపించింది.

అలాగైతే మనం నోరు తెరవకముందే కొన్ని కుక్కలు ఎందుకు ముడుచుకుపోతాయన్న సందేహం సహజంగానే వస్తుంది. పొద్దున పదింటికి చెప్పు కొరికిన పనిని సాయంత్రం ఆరింటికి పడిన తిట్టుతో కుక్క ముడిపెట్టుకోలేదు. అది ముడిపెట్టుకునేది వేరే: నేల మీద చెప్పుముక్కలు, గుమ్మంలో యజమాని, ఈ రెండూ ఒకచోట చేరితే ఇంట్లో పిడుగు పడుతుంది. రెండు కుక్కలున్న ఇంట్లో ఒకటి చించితే రెండోది కూడా మూల చేరడం చూసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కర లేదు. అది మన కోపాన్ని చల్లార్చడానికి కుక్క పడే పాటు. దాన్ని నేరాంగీకారంగా చదువుకోవడం దగ్గరే మన చిక్కు మొదలవుతుంది.

తెలుగులో శిక్ష, శిక్షణ ఒకే ధాతువు నుంచి పుట్టిన మాటలు. సంస్కృతంలో శిక్ష అంటే నేర్చుకోవడం; ఆరు వేదాంగాల్లో ఉచ్చారణకు సంబంధించిన శాస్త్రం పేరు కూడా అదే. మనం వాడుకలో ఆ మాటను దండనకు అప్పజెప్పాం. పెంపుడు జంతువుల దగ్గరికి వచ్చేసరికి ఈ రెండింటి మధ్య గీత మరీ పలచబడి, ‘దానికి కాస్త భయం ఉండాలి’ అనడమే శిక్షణ అయింది. మన భాషలోనే మాలిమి అనే మరో మాట ఉంది. మాలిమి చేసుకోవడంలో పరిచయం ఉంది, ఓపిక ఉంది, అంతో ఇంతో తిండీ ఉంది. భయం మాత్రం లేదు. జంతువులు ఎలా నేర్చుకుంటాయో నూట పాతికేళ్లుగా పరిశోధించినవారు తేల్చినది ఈ రెండో మాటకే దగ్గరగా ఉంది.

నేర్పే ముందు చదవడం రావాలి. కుక్క అసౌకర్యంగా ఉన్నప్పుడు మొదట చిన్న గొంతుతోనే చెబుతుంది: తిండి ఏమీ లేకున్నా పెదాలు నాకుతుంది, నిద్ర రాకపోయినా ఆవులిస్తుంది, తల పక్కకు తిప్పుతుంది, కంటి తెల్లగుడ్డు నెలవంకలా బయటపడేలా ఓరగా చూస్తుంది. అదీ వినకపోతే ఒళ్లు బిగపట్టి కదలకుండా ఉండిపోతుంది, తరువాత గుర్రుమంటుంది, ఆ తరువాతే కరుస్తుంది. మా అపార్ట్‌మెంటులో ఒక అబ్బాయి పక్కింటి లాబ్రడార్ మెడ కౌగిలించుకుని ఫొటో దిగుతుంటే పెద్దవాళ్లంతా ముచ్చటపడ్డారు. ఆ ఫొటోలో కుక్క నోరు గట్టిగా మూసుకుని ఉంది, నాలుక కొస ముక్కు మీద ఉంది, తల అబ్బాయికి వీలైనంత దూరంగా వంగి ఉంది. ఆ రోజు ఏమీ జరగలేదు. ఆ కుక్క సహనం ఎక్కువ, అంతే. తోక ఊపడాన్ని కూడా సంతోషం కింద జమకట్టలేం: యజమానిని చూసినప్పుడు కుక్క తోక కాస్త కుడివైపుకూ, తెలియని పెద్ద కుక్కను చూసినప్పుడు ఎడమవైపుకూ ఎక్కువగా ఊగుతుందని ఇటలీ శాస్త్రవేత్తలు 2007లో కొలిచి చెప్పారు. వీధిలో నిలబడి ఆ తేడా పట్టుకోవడం మనవల్ల కాదు గానీ, నిటారుగా లేచి బిర్రబిగుసుకుని ఊగే తోకనూ, నడుముతో సహా వదులుగా ఊగే తోకనూ ఎవరైనా వేరు చేయవచ్చు.

‘మొరిగే కుక్క కరవదు’ అన్న సామెతను మనుషులకు అన్వయించుకుంటే అన్వయించుకోండి, కుక్కల విషయంలో మాత్రం నమ్మకండి. గుర్రుమనడం, మొరగడం చాలాసార్లు హెచ్చరికలే. గుర్రుమన్న ప్రతిసారీ దెబ్బ పడితే కుక్క గుర్రుమనడం మానేస్తుంది. లోపలి భయమూ చిరాకూ ఎక్కడికీ పోవు, పోయేది హెచ్చరిక ఒక్కటే. ‘ఏమీ అనకుండా ఉన్నట్టుండి కరిచేసింది’ అని చెప్పే ఉదంతాల్లో కొన్నింటి వెనుక, అనడం మాన్పించిన చరిత్ర ఉంటుంది.

ఇక నేర్చుకోవడం. ఇందులో రెండు దారులు ఉన్నాయి. శిక్షకుల మధ్య జరిగే సగం తగవులు ఈ రెండింటినీ కలిపేయడం వల్లనే వస్తాయని నా అభిప్రాయం. మొదటిది రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్లోవ్ చూపిన దారి. ఆయనకు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పనికి. ఆ పనిలో భాగంగానే, తిండి నోట పడకముందే, తిండి తెచ్చే మనిషి అలికిడికే కుక్కల నోట లాలాజలం ఊరడం గమనించారు. ఇక్కడ కుక్క ఏ పనీ చేయడం లేదు. ఒక సంకేతం తరువాత ఏం వస్తుందో దాని శరీరానికి తెలిసిపోయింది. రెండోది అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ చూపిన దారి. 1898లో వెలువడిన తన పరిశోధనలో ఆయన ఆకలితో ఉన్న పిల్లులను గొళ్లెం ఉన్న పెట్టెల్లో పెట్టి, బయట చేపముక్క ఉంచారు. పిల్లి గీరి, కొరికి, దూకి, చివరికి ఎలాగో గొళ్లేన్ని కదిపి బయటపడేది. మళ్లీ మళ్లీ పెడుతూ పోతే వృథా పనులు తగ్గి, కొన్నాళ్లకు లోపల పెట్టగానే గొళ్లెం దగ్గరికే వెళ్లేది. మేలు జరిగిన పని మళ్లీ మళ్లీ జరుగుతుంది అన్నదే ఆయన తేల్చిన సూత్రం. నలభై ఏళ్ల తరువాత మరో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ దీన్ని విస్తరించారు. నేటి క్లిక్కర్ (నొక్కితే టిక్కుమనే చిన్న పరికరం) శిక్షణకు మూలం అక్కడే ఉంది.

ఒకటి మనసు నేర్చుకునేది, రెండోది అలవాటు నేర్చుకునేది. కుక్క మీదికి ఎగరడం, బల్ల దగ్గర అడుక్కోవడం, పిల్లి వంటింటి గట్టు ఎక్కడం చాలావరకు రెండో రకం: ఆ పని వల్ల దానికి ఏదో దక్కుతోంది. టపాకాయలకు వణకడం, కొత్తవారిని చూసి మొరగడం, డాక్టరు దగ్గర కరవబోవడం ఎక్కువగా మొదటి రకం: దానికేమీ దక్కడం లేదు, అది భయపడుతోంది. ఈ తేడా తెలిస్తే, అందరూ అడిగే ఒక ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. భయపడుతున్న కుక్కకు తిండి పెట్టి నిమిరితే భయాన్ని ప్రోత్సహించినట్టు కాదా? కాదు. భయం కుక్క లాభం కోసం చేసే పని కాదు కనుక దానికి బహుమానం ఇవ్వడం అంటూ ఉండదు. భయపెట్టే శబ్దం వెంటే ఇష్టమైనది వస్తూ ఉంటే, ఆ శబ్దానికి ఉన్న అర్థమే మెల్లగా మారుతుంది.

మా ఇంటి కుక్క వీధిలోంచి వచ్చింది. దానికి ప్రెషర్ కుక్కర్ అంటే ప్రాణభయం; మొదటి విజిల్‌కే మంచం కింద చివరి మూలకు దూరి, అన్నం గిన్నె ముందు పెట్టినా వచ్చేది కాదు. విజిల్ శబ్దాన్ని ఫోనులో రికార్డు చేసి, అది చెవి రిక్కించేంత, కానీ లేచి పారిపోనంత చిన్నగా వినిపించడంతో మొదలుపెట్టాం. శబ్దం, వెంటనే గోరంత ఉడికించిన కోడిమాంసం; మళ్లీ శబ్దం, మళ్లీ ముక్క. శబ్దం ముందు, తిండి తరువాత. ఈ వరుస తారుమారైతే తిండి గిన్నె చూసినా భయపడే ప్రమాదం ఉంది. పూటకు అయిదు నిమిషాలు మించనివ్వలేదు. ఒకరోజు మా అమ్మ తొందరపడి ఫోను శబ్దం ఒక్కసారిగా పెంచేసింది. దాంతో వారం వెనక్కి పోయాం.

పాత పద్ధతిని సమర్థించేవారు తప్పకుండా తెచ్చే మాట ఒకటుంది: కుక్క తోడేలు జాతి, గుంపులో నాయకుడికే లొంగుతుంది, కనుక ఇంట్లో మీరే నాయకుడని చూపించాలి. దీని పుట్టుక తెలుసుకోవలసిందే. స్విట్జర్లాండ్‌కు చెందిన రుడాల్ఫ్ షెంకెల్ బాసెల్ జంతు ప్రదర్శనశాలలోని తోడేళ్లను చూసి 1947లో వాటి పెత్తనం పోట్లాటల గురించి రాశారు. అవి ఒక చోటికి తెచ్చి బంధించిన తోడేళ్లు. అమెరికా జీవశాస్త్రవేత్త డేవిడ్ మెక్ 1970 నాటి తన పుస్తకంలో ఆ భావనను స్వీకరించారు, అది లోకమంతా పాకింది. తరువాత ఆయనే కెనడా ఉత్తరాన ఉన్న ఎల్స్‌మియర్ దీవిలో అడవి తోడేళ్లను ఏళ్ల తరబడి దగ్గరగా గమనించి, సహజమైన గుంపు అంటే తల్లి, తండ్రి, పిల్లలు కలిసిన కుటుంబమేనని 1999లో ప్రచురించారు. పాత పుస్తకాన్ని ఇక ముద్రించవద్దని ప్రచురణకర్తను కోరారు కూడా. ఒక శాస్త్రవేత్త తన మాటను తానే సరిదిద్దుకున్నా, మన వీధి చివరి శిక్షకుడి దగ్గరికి ఆ సవరణ ఇంకా చేరలేదు. పోనీ మనకు కావలసింది మన కుక్కల సంగతే అనుకుంటే, కోల్‌కతాలోని ఐసర్ (భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ) పరిశోధకులు వీధికుక్కల మీద చేసిన పని ఉంది. పరిచయం లేని మనిషి పదేపదే వచ్చినప్పుడు, ఆయన అదనంగా తిండి పెట్టడం కంటే తల నిమరడమే ఆ కుక్కల్లో ఎక్కువ నమ్మకం కలిగించిందని వారు 2017లో ప్రచురించారు.

కొట్టడం అసలు పనిచేయదని చెబితే అది నిజం కాదు. ఆ క్షణానికి పనిచేస్తుంది, అందుకే అది మనకు అలవాటవుతుంది: మనం అరిచాం, కుక్క ఆగింది, మనకు ఊరట దక్కింది. థార్న్‌డైక్ సూత్రం ఇక్కడ వర్తిస్తున్నది మనకే. అయితే దెబ్బ ఏం చేయకూడదో చెబుతుందే తప్ప ఏం చేయాలో చెప్పదు. పైగా దెబ్బ పడిన సమయంలో ఎదురుగా ఏది ఉంటే దానితో కుక్క ఆ నొప్పిని ముడిపెట్టుకుంటుంది. నడకలో మరో కుక్కను చూసి మొరిగినప్పుడల్లా మెడపట్టీ గుంజితే, మరో కుక్క కనబడితే మెడ నొప్పి పుడుతుందన్నది అది నేర్చుకునే పాఠం. పోర్చుగల్ పరిశోధకులు 92 కుక్కలను పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, దండించే పద్ధతులు వాడే శిక్షణ కేంద్రాల కుక్కల్లో ఒత్తిడి లక్షణాలూ, శిక్షణ తరువాత ఉమ్మిలో కార్టిసాల్ హార్మోనూ ఎక్కువగా ఉన్నాయి. వేల్స్ ప్రభుత్వం కరెంటు షాక్ ఇచ్చే మెడపట్టీలను 2010లోనే నిషేధించింది.

దయతో నేర్పడం అంటే ఏం చేసినా ఊరుకోవడం కాదు. తప్పు చేసే వీలు తగ్గించడం, సరైన పనికి వెంటనే ఫలం ఇవ్వడం. మొదటి సగాన్ని మరిచి రెండో సగాన్నే పట్టుకునేవారు త్వరగా విసిగిపోతారు. చెప్పులు బీరువాలో పెడితే సగం సమస్య తీరుతుంది, కొరకడానికి దానిదంటూ ఒక వస్తువు ఇస్తే మిగతా సగం. చుట్టాలు వస్తే మీదికి ఎగిరే కుక్కనే తీసుకుందాం. అది ఎగిరేది పలకరింపు కోసం. ‘ఛీ, దిగు’ అని చేతులతో నెట్టినా అది దాని లెక్కలో పలకరింపే. కనుక గంట మోగకముందే మెడకు పట్టీ తగిలించి, నాలుగు కాళ్లూ నేల మీద ఉన్న క్షణంలోనే పలకరించి ముక్క పెట్టాలి, ఎగరగానే అందరూ మొహం తిప్పుకోవాలి. ఒకటి రెండు సెకన్లు దాటితే ఆ ముక్క ఏ పనికి దక్కిందో దానికి అర్థం కాదు. క్లిక్కర్ గానీ, ‘భేష్’ లాంటి ఒకే పొట్టి మాట గానీ వాడేది ఈ ఆలస్యాన్ని పూడ్చడానికే. ఆ చప్పుడు వినిపించిందంటే ముక్క వస్తుందని ముందే నేర్పి ఉంచుతాం, కాబట్టి సరైన క్షణానికి అది గుర్తు వేస్తుంది. ముక్కలు శనగగింజంత చాలు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ మాత్రం కుక్కకు విషతుల్యాలు, వంటింటి మిగులు పెట్టే అలవాటున్న ఇళ్లలో ఇది గుర్తుండాలి.

ఇంట్లో అందరిదీ ఒకే మాట కావడం అన్నిటికంటే కష్టం. నాన్న బల్ల దగ్గర పెట్టవద్దంటారు, నానమ్మ చాటుగా అప్పడం ముక్క పడేస్తుంది. ఎప్పుడో ఒకసారి దక్కే ఫలమే అలవాటును గట్టిగా నిలబెడుతుందన్నది స్కిన్నర్ ప్రయోగశాలలో తేలిన సంగతి. నానమ్మ ఆ ప్రయోగాన్ని రోజూ మళ్లీ చేస్తున్నది.

ఇదే సూత్రం పిల్లి దగ్గర తెల్లవారుజామున నాలుగింటికి వర్తిస్తుంది. అది అరుస్తుంది, మనం లేచి పాలో తిండో పెడతాం. మూడు రోజులు పళ్ల బిగువున పడుకుని నాలుగో రోజు లేచామంటే, నాలుగు రోజులు అరిస్తే పని జరుగుతుందని నేర్పినట్టే. ఊరుకోవడం మొదలుపెట్టగానే అరుపు ముందు పెరిగి తరువాతే తగ్గుతుంది, ఆ పెరుగుదల దగ్గరే చాలామంది ఓడిపోతారు. పడుకోబోయే ముందు తాడుతో వేటలాంటి ఆట ఆడించి, ఆ వెంటనే తిండి పెడితే ఈ యుద్ధం చాలావరకు తప్పుతుంది. వేట, తిండి, ఒళ్లు నాక్కోవడం, నిద్ర, ఇదీ పిల్లి దినచర్య.

పిల్లికి ఏదీ నేర్పలేమన్నది అపోహ. ఒంటరిగా వేటాడే అడవిపిల్లి సంతతి కనుక, కుక్కలా మనల్ని మెప్పించాలన్న ఆత్రం దానికి తక్కువ. అంతమాత్రాన వినడం లేదని కాదు. పెంపుడు పిల్లులు తమ పేరును అదే తీరులో పలికిన ఇతర పదాల నుంచి వేరు చేయగలవని జపాన్ పరిశోధకురాలు అత్సుకో సైతో బృందం 2019లో చూపింది. పిలిస్తే రాదు, అది వేరే విషయం. పిల్లిని చూస్తూ కళ్లు మెల్లగా మూసి తెరిస్తే అది కూడా అలాగే జవాబివ్వడం, కొత్త మనిషైనా అలా చేసినప్పుడు దగ్గరికి రావడానికి ఎక్కువ మొగ్గు చూపడం బ్రిటన్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో నమోదు చేశారు. రెప్ప వేయకుండా తేరిపార చూడటం పిల్లుల లోకంలో బెదిరింపు.

సోఫా గీరడం కక్ష కాదు. గోళ్ల పైపొర రాల్చుకోవడానికీ, ఒళ్లు విరుచుకోవడానికీ, తన వాసన వదలడానికీ పిల్లి గీరి తీరుతుంది. నిలువునా ఒళ్లు సాగేంత ఎత్తున్న కొయ్యకు జనపనార తాడు చుట్టి, మూల గదిలో కాకుండా సరిగ్గా ఆ సోఫా పక్కనే నిలబెట్టాలి. మలమూత్రాల కోసం పెట్టిన ఇసుక తొట్టె బయట మూత్రం పోయడం కూడా పగ తీర్చుకోవడం కాదు. ముందు డాక్టరుకు చూపించాలి. ముఖ్యంగా మగపిల్లి పదేపదే కూర్చుని చుక్క కూడా పోయలేకపోతుంటే మూత్రనాళం మూసుకుపోయి ఉండవచ్చు, అది గంటల్లో ప్రాణం మీదికి వచ్చే అత్యవసరం. జబ్బు లేదని తేలాకే తొట్టె శుభ్రత, తొట్టె చోటు, తొట్టెల లెక్క చూడాలి. పిల్లులు ఎన్ని ఉంటే అంతకంటే ఒకటి ఎక్కువ తొట్టెలు పెట్టమంటారు. నొప్పిగా ఉందనుకుని మన పారాసెటమాల్ మాత్ర విరిచి పెట్టడం మాత్రం పిల్లిని చంపేయడమే.

చిన్ననాటి పరిచయాల ప్రభావం తరువాతి శిక్షణ అంతటికంటే బలమైనది. కుక్కకూనకు సుమారు మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా, పిల్లికూనకు రెండో వారం నుంచి ఏడో వారం దాకా చూసినవన్నీ లోకంలో మామూలు విషయాలుగా నమోదవుతాయి. టీకాలు పూర్తయ్యే దాకా కూనను గడప దాటించని ఇళ్లలో ఈ కాలమంతా నాలుగు గోడల మధ్యే గడిచిపోతుంది. నేల మీద దించకుండా చంకన వేసుకుని ఆటోలు, గొడుగులు, హెల్మెట్లు, పిల్లల అరుపులు చూపించి తెస్తే రెండూ నెరవేరతాయి. ఎనిమిది వారాలు నిండని కుక్కకూనలను అమ్మరాదని 2017 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. నెల కూనను కొనవద్దనడానికి చట్టం ఒక కారణమైతే, తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గర ఆటలో ఎంత మెల్లగా కొరకాలో నేర్చుకునే అవకాశం పోవడం అంతకంటే పెద్ద కారణం. కాపలా పేరుతో గేటు పక్కన పొట్టి గొలుసుకు రోజంతా కట్టేయడం, అలా కట్టేసిన కుక్కకు నడక లేకుండా చేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరాలు. పారిపోయే దారి లేని జంతువుకు మిగిలేది ఎదురు తిరగడమే కనుక, ఆ గొలుసు కాపలాకుక్కను కాకుండా కరిచే కుక్కను తయారుచేస్తుంది.

ప్రవర్తన ఉన్నట్టుండి మారితే శిక్షకుడి కంటే ముందు వెటర్నరీ డాక్టరును కలవాలి. చెవిపోటు, పంటినొప్పి, కీళ్లనొప్పి ఉన్న కుక్క ముట్టుకుంటే కరుస్తుంది, ఏ ట్రీట్‌కూ ఆ నొప్పి తగ్గదు. కరిస్తే మాత్రం, మన కుక్కే కదా అనుకోకుండా గాయాన్ని సబ్బుతో ధారగా పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మా కుక్కర్ పాఠం దాదాపు రెండు నెలలు పట్టింది. ఫోను నుంచి నిజం కుక్కర్‌కు మారిన మొదటిరోజు అది హాలు దాటి రాలేదు గానీ మంచం కిందికీ పోలేదు. తలుపు దగ్గర నిలబడి, చెవులు రిక్కించి, విజిల్ రాగానే కుక్కర్ వైపు కాకుండా నా చేతి వైపు చూసింది. ఇప్పుడు మూడో విజిల్‌కు వంటింటి గుమ్మంలో వచ్చి కూర్చుంటుంది, పప్పు ఉడికినట్టు మాకూ అదే గుర్తు. దీపావళి రాత్రి మాత్రం ఇంకా మంచం కిందే గడుపుతుంది. ఆ పూట కిటికీలు మూసి, ఫ్యాను పెంచి, దానికి అందేంత దూరంలో నేల మీద చాప వేసుకుని నేను పడుకుంటాను.